అడవికి ఏ కత్తి? నూట నలభై ఏళ్ళ తెగని వాదం

అడవిలోకి వెంట తీసుకెళ్ళే కత్తి మీద మూడు రకాల పనులు పడతాయి. వేటగాడికి జంతువు తోలు ఒలిచి, కీళ్ళ దగ్గర మాంసం విడదీసే కత్తి కావాలి. దారి తప్పి రాత్రి అడవిలో చిక్కుకున్నవాడికి కట్టె చీల్చి నిప్పు రాజేసుకోవడానికి, తల దాచుకునే పందిరి వేసుకోవడానికి పనికొచ్చేది కావాలి. రోజూ జేబులో పెట్టుకు తిరిగేవాడికి తాడు కోయడం, పార్సిల్ విప్పడం, పండు తరగడం వస్తే చాలు. మొదటి పనికి బ్లేడు పలచగా ఉండాలి, రెండోదానికి దిట్టంగా ఉండాలి, మూడోదానికి కత్తి జేబులో ఉన్నట్టే తెలియకూడదు. ఈ మూడూ ఒకే కత్తిలో కుదురుతాయా అన్నదే వాదం.

ఈ వాదం ఇంతగా చిక్కుపడటానికి ప్రధాన కారణం, వాదించేవాళ్ళు తమ అడవి ఎలాంటిదో, వెంట గొడ్డలి ఉందో లేదో చెప్పకుండా కత్తి గురించే మాట్లాడటం. ఆ రెండు సంగతులూ ముందుగా అడిగితే సగం తగాదా అక్కడే తీరిపోతుంది. మిగిలిన సగంలో కొంత ఉక్కు గురించి, కొంత అంచు గురించి, కొంత డబ్బు గురించి.

పెద్ద కత్తి, చిన్న కత్తి: వాదం పుట్టుక

1827 సెప్టెంబరులో మిసిసిపీ నది ఇసుకతిన్నె మీద మొదలైన ఒక ద్వంద్వయుద్ధం గుంపు కొట్లాటగా మారింది. తీవ్రంగా గాయపడిన జేమ్స్ బౌయీ అదే స్థితిలో తన పెద్ద కత్తితో ప్రత్యర్థిని చంపాడన్న వార్త అమెరికా పత్రికలకెక్కింది. 1836లో ఆయన టెక్సాస్‌లోని అలామో కోట ముట్టడిలో చనిపోయాక ఆ పేరు ఇంకా పెరిగింది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కార్ఖానాలు కూడా బౌయీ కత్తులు చేసి అమెరికాకి పంపాయి. పొడవాటి బ్లేడు, పిడి దగ్గర అడ్డుపట్టీ, పైకి తేలిన సన్నటి మొన ఉన్న ఈ కొట్లాట కత్తే చాలాకాలం 'వేట కత్తి' పేరుతో అంగళ్ళలో అమ్ముడుపోయింది.

దీన్ని గట్టిగా ఎగతాళి చేసినవాడు అమెరికా రచయిత జార్జ్ వాషింగ్టన్ సియర్స్. 'నెస్‌మక్' అన్న కలం పేరుతో 1884లో వచ్చిన ఆయన పుస్తకం 'వుడ్‌క్రాఫ్ట్' ఈ చర్చకి తొలి మైలురాయి. అంగడి కత్తులు చూడటానికి భయంకరంగా ఉంటాయి తప్ప పనికి రావని ఆయన తేల్చేశాడు. ఆయన వెంట ఉండేవి మూడు: రెండు వైపులా పదునున్న చేతిగొడ్డలి, పలచటి బ్లేడు కత్తి, ఒక మడతచాకు. నరకడం గొడ్డలి వంతు కాబట్టి కత్తి పలచగా ఉండగలిగింది. ఈ ఒక్క సంగతి మరిచిపోయి నెస్‌మక్ కత్తిని మాత్రం నకలు చేయించుకునేవాళ్ళు నేటికీ ఉన్నారు.

సెయింట్ లూయిస్‌లో గ్రంథాలయాధికారిగా పనిచేసి, తర్వాత గ్రేట్ స్మోకీ పర్వతాల్లో స్థిరపడిన హొరేస్ కెఫార్ట్ 1906లో తన పుస్తకంతో ఇదే వైపు నిలబడ్డాడు. ఆయన మెచ్చిన కత్తికి బ్లేడు నాలుగున్నర అంగుళాలు, పిడి నాలుగున్నర అంగుళాలు, వెన్ను దగ్గర మందం అంగుళంలో ఎనిమిదో వంతు. నూట ఇరవై ఏళ్ళు గడిచినా, మంచి అడవి కత్తి అంటే ఇంచుమించు ఇవే కొలతలు.

రెండో ప్రపంచ యుద్ధం మళ్ళీ పెద్ద కత్తిని తెచ్చింది. 1942లో అమెరికా మెరైన్ దళం ఏడంగుళాల బ్లేడున్న కత్తిని స్వీకరించింది. కా-బార్ అన్న పేరుతో అదే ఇప్పటికీ ప్రసిద్ధం. డబ్బాలు తెరవడానికి, మేకులు కొట్టడానికి, కందకంలో కొట్లాటకి అన్నిటికీ ఒకటే కత్తి అన్న ఆలోచన సైన్యం నుంచి జనంలోకి వచ్చింది. 1982లో వచ్చిన 'ఫస్ట్ బ్లడ్' సినిమా దాన్ని పరాకాష్ఠకి చేర్చింది. అర్కాన్సాకి చెందిన జిమ్మీ లైల్ ఆ సినిమాకి చేసిన కత్తికి పిడి బోలుగా ఉండేది. లోపల అగ్గిపుల్లలు, సూది, దారం, మూతలో దిక్సూచి. ఆ తర్వాత బజారులోకి వచ్చిన చవక నకళ్ళలో బ్లేడు పిడి దగ్గరే ఊడిపోయేది. అతకవలసిన చోటే ఉక్కు తక్కువ కావడం దానికి కారణం.

కెనడా అడవుల్లో బోధించిన మోర్స్ కొచాన్‌స్కీ 1980ల చివర 'నార్తర్న్ బుష్‌క్రాఫ్ట్' రాసేసరికి గాలి మళ్ళీ మారింది. స్వీడన్‌లోని మోరా పట్టణంలో తయారయ్యే అతి చవకైన చిన్న కత్తితో, వెంట గొడ్డలి ఉంటే, చలి అడవిలో అన్నీ చేయవచ్చని ఆయన చూపించాడు. బ్రిటన్‌లో రే మియర్స్ టెలివిజన్ ద్వారా, అలాన్ వుడ్ చేసిపెట్టిన నాలుగంగుళాల పైచిలుకు కత్తితో ఇదే ధోరణిని ప్రచారం చేశాడు. మోరా కత్తి అతి చవక, వుడ్ చేతిపని కత్తి ధర దానికి ఎన్నో రెట్లు. రెండూ చేసే పని మాత్రం ఒకటే. ధర గురించి వాదం ఇక్కడే రాజుకుంది.

అడవి మారితే కత్తి మారుతుంది

ఉత్తరాది అడవుల్లో పైన్, స్ప్రూస్, బిర్చి చెట్లు. కలప మెత్తన, నిలువునా ఎండిన మాను దొరుకుతుంది, పొదలు తక్కువ. అక్కడ కత్తి పని ప్రధానంగా చెక్కడం. పుల్ల చివర పలచటి పొట్టు చుట్టలు చుట్టలుగా లేపి నిప్పు అంటించడం, చెంచా మలచడం, చేపని శుభ్రం చేయడం. ఫిన్లాండ్ పూక్కో, స్వీడన్ మోరా ఈ పనికే పుట్టాయి. మోరా కంపానియన్ నమూనా బ్లేడు 104 మి.మీ., మందం 2.5 మి.మీ. పిడిలోకి వెళ్ళే ఉక్కు చివరిదాకా ఉండదు, లోహపు అడ్డుపట్టీ లేదు. బలమైన కత్తికి తప్పనిసరి అని ప్రచారంలో ఉన్న లక్షణాల్లో సగం దీనికి లేవు.

ఉష్ణమండలంలో ఈ కత్తి చేతిలో పట్టుకుని నిలబడితే తీగలు దారి ఇవ్వవు. అక్కడ పచ్చి కొమ్మలు, వెదురు, ముళ్ళపొదలు నరకాలి. మలయా, బోర్నియోల్లో పరాంగ్, ఫిలిప్పీన్స్‌లో బోలో, లాటిన్ అమెరికాలో మషేటీ, నేపాల్ కొండల్లో ఖుక్రీ, ఒక్కో చోట ఒక్కో రూపంలో నరికే కత్తులు పెరిగాయి. మషేటీ ఉక్కుని కావాలనే కాస్త మెత్తగా ఉంచుతారు. రాయికి తగిలితే అంచు వంగుతుంది గానీ విరగదు, ఆకురాయితో నాలుగు గీతలు గీస్తే మళ్ళీ పదునెక్కుతుంది. తూర్పు కనుమల్లో వెదురు, లాంటానా పొదల మధ్య తిరిగేవాళ్ళ చేతిలో కనిపించే గొడ్డలి, కొడవలి, మచ్చుకత్తి ఇదే కోవకి చెందుతాయి. వీటిలో చాలావాటికి లారీ కమాను పట్టీయే ముడిసరుకు. స్ప్రింగు ఉక్కు దెబ్బకి ఓర్చుకుంటుంది, కొలిమిలో చక్కగా సాగుతుంది. ఏ విదేశీ 'సర్వైవల్' కత్తికన్నా నల్లమలలో ఇవే ఎక్కువ పనికొస్తాయని చెప్పడానికి సందేహించనక్కర లేదు.

మూడోది ఉత్తర అమెరికా వేట సంప్రదాయం. జింక, ఎల్క్ లాంటి పెద్ద జంతువుని పడినచోటే శుభ్రం చేయాలి. పొట్ట చీల్చేటప్పుడు మొన లోతుగా దిగిందంటే పేగు తెగి మాంసం పాడవుతుంది. కాలిఫోర్నియాలో పనిచేసిన బాబ్ లవ్‌లెస్ మొనని వెన్ను వరస నుంచి కిందికి దింపి, బ్లేడు మధ్యగీతకి దగ్గరగా తెచ్చాడు. 'డ్రాప్ పాయింట్' అని పిలిచే ఈ ఆకృతిలో చూపుడువేలు వెన్ను మీద ఆనించి, మొన ఎక్కడ ఉందో చూడకుండానే తెలుసుకుంటూ కోయవచ్చు. తోలు ఒలవడానికి బ్లేడు పొట్ట గుండ్రంగా తిరగాలి. మూడున్నర నాలుగంగుళాలు చాలు. ఈ మధ్య కొందరు ఎల్క్ వేటగాళ్ళు సర్జన్లు వాడే బ్లేడు లాంటిది తగిలించే పిడులు పట్టుకెళ్తున్నారు. వాటి పదునుకి సాటి లేదు. కీళ్ళ దగ్గర పక్కకి మెలిపెడితే ఠక్కున విరిగి, ముక్క మాంసంలో ఉండిపోతుంది.

మూడు సంప్రదాయాలనూ పక్కపక్కన పెడితే, ఉత్తరాది కత్తి చెక్కడంలో మేటి, నరకడంలో నిస్సహాయం. ఉష్ణమండలపు కత్తి నరకడంలో మేటి, దాంతో కుందేలు తోలు ఒలవడం నరకం. అమెరికా వేట కత్తి మాంసం దగ్గర మేటి, కట్టె దగ్గర మధ్యస్థం. మొదటిది గొడ్డలిని నమ్ముకుంది, రెండోది తానే గొడ్డలి, మూడోది ఇంటికి వెళ్ళే బండిని నమ్ముకుంది.

ఉక్కు పేరు, కమ్మరి చేయి

ఎక్కువ కాగితం ఖర్చయింది ఉక్కు మీదే. సాదా కార్బన్ ఉక్కుకి ఉదాహరణ 1095. కార్బన్ ఒక శాతానికి కొంచెం తక్కువ, మిగతా దాదాపు అంతా ఇనుమే. సాన పట్టడం తేలిక, చెకుముకి రాయి మీద కొడితే నిప్పురవ్వ వస్తుంది, నెత్తురో నిమ్మరసమో తగిలి తుడవకపోతే తుప్పు పడుతుంది. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కు తయారుచేశాక రెండు పక్షాలు ఏర్పడ్డాయి. తొలినాటి స్టెయిన్‌లెస్ కత్తులకి పదును నిలవదన్న చెడ్డపేరు వచ్చింది, ఆ పేరు ఇప్పటికీ కొందరి నోట వినిపిస్తుంది. క్రోమియం ఎంత ఉందన్నదే సరిపోదు. డీ2 ఉక్కులో క్రోమియం దాదాపు 12 శాతం ఉన్నా అది తుప్పు పడుతుంది. ఆ క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా మారిపోవడం వల్ల తుప్పుని ఆపడానికి మిగిలేది తక్కువ.

మూడో పక్షం పొడి ఉక్కుది. కరిగిన లోహాన్ని సన్నటి తుంపరగా చల్లార్చి, ఆ పొడిని ఒత్తిడితో ముద్ద చేస్తే గట్టి రేణువులు చిన్నగా, సమంగా పరుచుకుంటాయి. 2001లో అమెరికాలోని క్రూసిబుల్ సంస్థ కత్తుల కోసమే రూపొందించిన ఎస్30వీ, 2021లో లారిన్ థామస్ రూపకల్పన చేసిన మాగ్నాకట్ ఈ దారిలో వచ్చాయి. మాగ్నాకట్‌లో క్రోమియం రేణువుల్లో చిక్కుకోకుండా చూసుకున్నారు. అందువల్ల తుప్పునీ, విరగడాన్నీ ఒకేసారి తట్టుకోవడంలో అది ముందుంది.

ఉక్కులో ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గడం మామూలు. గట్టి రేణువులు ఎక్కువైతే పదును నిలుస్తుంది, దెబ్బ తగిలితే అంచు పెచ్చులూడుతుంది. కాఠిన్యాన్ని రాక్‌వెల్ సీ స్కేలు మీద కొలుస్తారు. మంచి అడవి కత్తులు సాధారణంగా 56 నుంచి 62 మధ్య ఉంటాయి. ఒకే ఉక్కుని ఎలా కాల్చి, ఎలా చల్లార్చి, మళ్ళీ ఎంత వేడికి తెచ్చి దించారన్నదాన్ని బట్టి ఈ అంకె మారుతుంది. బక్ సంస్థ దశాబ్దాలుగా వాడుతున్న 420హెచ్‌సీ పేరు వింటే ఉక్కు పిచ్చి ఉన్నవాళ్ళు పెదవి విరుస్తారు. సరిగ్గా వేడి పట్టించడం వల్ల ఆ కత్తులు జింకల్ని కోస్తూనే ఉన్నాయి.

ఈ పాఠం తెలంగాణకి కొత్తది కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో తయారైన ఉక్కుముద్దల కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. కార్బన్ శాతం చాలా ఎక్కువున్న ఈ రకం ఉక్కుని యూరప్ కమ్మర్లు తమకి అలవాటైన తెల్లటి వేడి మీద కొడితే చిట్లిపోయేది. తక్కువ వేడి మీద ఓపికగా సాగగొట్టడం తెలిసిన చేతుల్లో అదే గొప్ప కత్తి అయింది.

అంచు కోణం

కొనేవాళ్ళు ఉక్కు పేరు అడుగుతారు, అంచు కోణం అడగరు. కోతలో తేడా ఎక్కువగా తెచ్చేది రెండోదే. షెఫీల్డ్‌లోని కాట్రా సంస్థ యంత్రం ఇసుక కలిపిన అట్టముక్కల్ని బ్లేడుతో మళ్ళీ మళ్ళీ కోయించి, ఎంత మందం కోశాక పదును పోయిందో లెక్కిస్తుంది. ఇలాంటి పరీక్షల్లో అంచు కోణం తగ్గించిన సాదా ఉక్కు, మొద్దు కోణంలో ఉన్న ఖరీదైన ఉక్కుని దాటిపోగలదు. సన్నటి అంచు గట్టి కొమ్మకి, ఎముకకి తగిలితే మడత పడుతుంది. కాబట్టి పని మెత్తనిదైతే సన్నగా, మోటుదైతే మొద్దుగా అన్న పాత సూత్రమే నిలిచింది. గీత కార్మికుడు తాటి గెలను గీసే కత్తితో కొమ్మలు నరకడు.

బ్లేడు పక్కల్ని అరగదీసే పద్ధతులు నాలుగు ముఖ్యమైనవి. మోరాలో లాగా వెడల్పాటి ఒకే వాలు, మొత్తం సుమారు 27 డిగ్రీలు ఉంటే సానరాయి మీద ఆ వాలుని అలాగే ఆనించి రుద్దితే చాలు. కొత్తగా నూరడం నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా సులువైనది లేదు. వెన్ను నుంచి అంచుదాకా సమంగా సన్నబడేది అన్ని పనులకీ సర్దుకుంటుంది. పక్కలు లోపలికి గుంటపడ్డ బ్లేడు తోలు, మాంసం దగ్గర బాగుంటుంది, కట్టెలో ఇరుక్కుంటుంది. ఉబ్బెత్తు పక్కలున్నది గొడ్డలి, ఖుక్రీల సొత్తు; నరికితే కట్టెని పక్కలకి తోసుకుంటూ పోతుంది, రాయి మీద నూరడానికి మాత్రం చేయి తిరగాలి.

మడతచాకుకి ఎంత పని చెప్పవచ్చు

ఫ్రాన్స్‌లోని సవాయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన చెక్కపిడి చాకు, 1897లో కార్ల్ ఎల్సెనర్ నమోదు చేయించిన స్విస్ ఆఫీసర్ల చాకు, రోజువారీ పనులన్నీ ఈ రెండు వంశాలతోనే దాదాపు సరిపెట్టవచ్చు. ఒపినెల్‌కి తిప్పితే బ్లేడు బిగుసుకునే ఉక్కు కట్టు 1955లో వచ్చింది. వానకి తడిస్తే చెక్క ఉబ్బి చాకు తెరుచుకోదు, అదొక్కటే దానితో పేచీ. 1964లో వచ్చిన బక్ 110 వెన్ను తాళంతో వేటగాళ్ళ నడుముకి ఎక్కింది. మడతచాకు కూడా జింకని కోయగలదని జనం నమ్మింది దాంతోనే. 1981 నుంచి స్పైడర్‌కో బ్లేడుకి గుండ్రటి రంధ్రం, పిడికి క్లిప్పు పెట్టి ఒక్క చేత్తో తెరిచే అలవాటు చేసింది.

మడతచాకుకి కీలే బలహీనత. ఎంత బలమైన తాళమైనా కదిలే భాగమే, అందులో నెత్తురు, కొవ్వు, ఇసుక చేరతాయి. కట్టె చీల్చడం, మెలిపెట్టడం దాని పని కాదు. ఈ విషయంలో పక్షాల మధ్య పెద్ద భేదం లేదు.

పిడి, ఒర

పిడిలో ఉక్కు చివరిదాకా ఉండాలా అన్నది పెద్ద చర్చ. గట్టిగా కొట్టే కత్తికి ఉండటం మంచిదే. చిన్న కత్తికి తప్పనిసరి అన్నది అతిశయోక్తి, మోరాయే అందుకు సాక్ష్యం. నునుపైన కొమ్ము పిడి అందంగా ఉంటుంది, కొవ్వు అంటిన చేతిలో జారుతుంది. రబ్బరు అందంగా ఉండదు, జారదు. ఒర తలకిందులుగా పట్టుకుని ఊపినా కత్తి పడిపోకూడదు. తోలు ఒరలో తడి కత్తిని నెలల తరబడి ఉంచితే కార్బన్ ఉక్కు అక్కడే తుప్పు పడుతుంది.

ఇంకా తేలని సంగతులు

మొదటిది, కత్తి వెన్ను మీద దుడ్డుకర్రతో కొట్టి కట్టె చీల్చే 'బాటనింగ్'. కొచాన్‌స్కీ దీన్ని నేర్పాడు. తడిసిన కట్టె లోపలి పొడి భాగాన్ని బయటికి తీయడానికి గొడ్డలి లేనప్పుడు ఇదే మార్గమని సమర్థించేవాళ్ళు అంటారు. బ్లేడు కట్టెలోకి దిగాక మొన అవతలికి పొడుచుకొచ్చి ఉండాలి, తర్వాతి దెబ్బలు దాని మీదే పడాలి. ముడి ఉన్నచోట కొట్టకూడదు. వ్యతిరేకుల మాట వేరు: ఈ పని కోసమే కంపెనీలు 5, 6 మి.మీ. మందం కత్తులు అంటగడుతున్నాయి, అవి ఉల్లిపాయ కూడా సరిగ్గా తరగవు. రెండోవారి మాటలో బలం ఎక్కువ. అరుదుగా పడే అవసరం కోసం రోజువారీ కోతని పాడుచేసుకోవడం తెలివైన బేరం అనిపించుకోదు.

రెండోది, ప్రయోగశాల అంకెలకీ అడవి అనుభవానికీ మధ్య దూరం. ఇసుక అట్ట కోసిన లెక్క రాపిడికి తట్టుకోవడాన్ని చూపుతుంది. బురద పట్టిన అడవిపంది తోలు మీద, తడి తాడు మీద అంచు ఎలా చిట్లుతుందో ఆ లెక్కలో పూర్తిగా రాదు. మరోవైపు, అనుభవం పేరుతో చెప్పేవాటిలో అంచు కోణం, కాఠిన్యం నమోదు చేయనివే ఎక్కువ, కాబట్టి వాటిని పోల్చడానికి వీల్లేదు.

మూడోది, ఏది ముఖ్యం: పదును ఎక్కువసేపు నిలవడమా, ఉన్నచోటే తేలిగ్గా మళ్ళీ నూరుకోగలగడమా? వారం రోజుల వేటకి వెళ్ళే అమెరికన్ మొదటిది కోరవచ్చు. నూరడానికి నదిలో దొరికిన నున్నటి రాయి తప్ప మరేదీ లేనివాడికి రెండోదే ప్రాణం. 'మనుగడ కత్తి' అన్న పేరుతో అత్యంత గట్టి ఉక్కుని అమ్మడంలో ఉన్న వైరుధ్యం ఇదే.

చట్టం మాట

కొనేవాళ్ళు చివర చూసేది చట్టం, మొదట చూడవలసిందీ అదే. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని నిషేధించింది కాబట్టి వేట కత్తి చర్చ ఇక్కడి పాఠకులకి చాలావరకు విదేశీ విషయం. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఆయా రాష్ట్రాల వేట లైసెన్సు, కత్తి నిబంధనలు వేరువేరుగా వర్తిస్తాయి. బ్రిటన్‌లో తగిన కారణం లేకుండా వెంట పెట్టుకోగలిగేది మూడంగుళాలకి మించని, తాళం పడని మడతచాకు మాత్రమే. భారత ఆయుధాల నిబంధనలు 9 అంగుళాల కన్నా పొడవైన, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన బ్లేడున్న కత్తుల్ని ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటికీ వ్యవసాయానికీ శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకీ చేసినవి మినహాయింపు. నాలుగంగుళాల కత్తి ఆ కొలతలకి లోబడే ఉంటుంది. విమానంలో అది చేతిసంచిలో వెళ్ళదు, చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి.

అభయారణ్యాల సంగతి వేరు. వన్యప్రాణి చట్టంలో 'ఆయుధం' నిర్వచనం కత్తుల్ని కూడా కలుపుకుంటుంది. 31వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా అధీకృత అధికారి రాతపూర్వక అనుమతి ముందుగా లేకుండా ఏ ఆయుధంతోనూ అభయారణ్యంలోకి అడుగుపెట్టకూడదు. నాగార్జునసాగర్-శ్రీశైలం, కవ్వాల్, పాపికొండలు వెళ్ళేవాళ్ళు సంచిలో కత్తి ఉంటే ఆ అనుమతి ముందే తీసుకోవాలి, లేదా కత్తిని ఇంట్లో వదిలి వెళ్ళాలి.